గోడ మీద పేరుకు ముందు బీరువాలో ఫైలు: చెన్నైలో తెలుగు క్రీడా కీర్తి మందిరం నెలకొల్పే విధానం

చెన్నైలోని మా తెలుగు సంఘం తొలిసారి స్థానిక క్రీడాకారులను సత్కరించిన సాయంత్రం, వేదిక మీద ఫలకం అందుకున్న ఒక పెద్దాయన దానిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసి, పక్కనే నిలబడిన నాతో మెల్లగా, "బాబూ, నేను ఆడింది వాలీబాల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను మరింత బాధించింది. శాలువాలు, పూలదండలు, భోజనాలు అన్నీ నెల ముందే సిద్ధం చేసుకున్న మాకు, ఆయన ఏ ఆట ఆడారో, ఏ సంవత్సరంలో ఎవరి తరఫున ఆడారో చూపే కాగితం ఒక్కటి కూడా లేదు. ఎవరో ఫోనులో చెప్పిన మాటను అలాగే ఫలకం చెక్కేవారికి చేరవేశాము. ఒక పేరు గోడ మీదికి ఎక్కే ముందు ఆ పేరు వెనుక ఒక ఫైలు ఉండాలన్నది ఆ సాయంత్రం నాకు అర్థమైంది. ఇక్కడ వివరించే పద్ధతి అంతా అప్పటినుంచి చేస్తూ నేర్చుకున్నది.

హాల్ ఆఫ్ ఫేమ్, అంటే కీర్తి మందిరం, అనే ఏర్పాటు అమెరికాలో బాగా పాతుకుపోయింది. జాతీయ స్థాయిలోనే కాక, మన జిల్లాల వంటి పాలనా విభాగాలైన కౌంటీలలో కూడా అనేక చోట్ల ఇవి ఉన్నాయి. ఏటా కొద్దిమంది స్థానిక ఆటగాళ్లను, కోచ్‌లను, ఆట కోసం పాటుపడిన ఇతరులను ఎంపిక చేసి, ఒక విందు సభలో వారి పేర్లను చేర్చుకుంటారు. వీటిలో ప్రసిద్ధమైన కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ మందిరానికి తొలి ఎన్నిక 1936లో జరిగింది. ఆ ఏడాది ఎన్నికైనవారు ఐదుగురే. భవనం తలుపులు తెరుచుకున్నది 1939లో. ముందు నియమం, ఆపైన పేర్లు, చివరికి గోడ అన్న ఈ వరుసనే మన సంఘాలు పాటించాలని నా గట్టి అభిప్రాయం. భవనం లేదని ఎవరూ ఆగిపోనవసరం లేదు. తాళం వేయగల ఒక బీరువా, ఒక స్కానరు, ఓపికగల నలుగురు మనుషులు ఉంటే మొదటి సంవత్సరానికి సరిపోతుంది.

ఎవరు స్థానికులు, ఎంతకాలం ఆగాలి

నియమావళిలో మొదట తేల్చవలసినది "స్థానికులు" అన్న మాటకు అర్థం. చెన్నై జిల్లా ఎల్లలు 2018లో మారాయి. అంతవరకు పొరుగు జిల్లాలలో ఉన్న అంబత్తూరు, మాధవరం, తిరువొత్తియూరు, ఆలందూరు వంటి ప్రాంతాలు కలవడంతో జిల్లా విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. 1985లో అంబత్తూరు నుంచి కబడ్డీ ఆడిన మనిషి ధ్రువపత్రంలో చెంగల్పట్టు జిల్లా అని ఉంటే, ఆ కారణంగా ఆయన దరఖాస్తును తిప్పి పంపడం అన్యాయం. కాబట్టి నేటి ఎల్లలనే లెక్కలోకి తీసుకుంటామని ఒక వాక్యం రాసుకోవాలి. ఆ ఎల్లల లోపల పుట్టినవారు, ఇక్కడి బడిలో గానీ కళాశాలలో గానీ చదువుతూ ఆడినవారు, ఇక్కడి జట్టుకు ప్రాతినిధ్యం వహించినవారు, పదేళ్లకు తక్కువ కాకుండా ఇక్కడ శిక్షణ ఇచ్చినవారు అర్హులని పెట్టుకుంటే, ఉద్యోగరీత్యా పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారానికి వచ్చి స్థిరపడినవారు కూడా అందులోకి వస్తారు.

"తెలుగు" అన్న మాటను గురించి సంఘాలలో వాదన తప్పదు. క్రీడాకారుల విషయంలో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబం అన్న ప్రమాణం చాలు. ఇంటిపేర్లు, కులాలు ఆరా తీయడం ఆటను అవమానించడమే. కోచ్‌ల విషయంలో మాత్రం ఆ ప్రమాణం కూడా పెట్టరాదు. మన పిల్లలకు పరుగు నేర్పిన మాస్టారు తమిళంలో నేర్పి ఉండవచ్చు, మలయాళంలో తిట్టి ఉండవచ్చు. మన పిల్లలు ఆయన చేతుల మీద ఎదిగి ఉంటే ఆయన పేరు మన గోడ మీద ఉండవలసిందే.

ఆట విరమించిన తరువాత ఎంతకాలం ఆగాలన్నది ఇంకొక ప్రశ్న. కూపర్స్‌టౌన్‌లో ఐదేళ్లు ఆగాలి. ఆ గడువు మనకూ సరిపోతుంది, ఎందుకంటే ఐదేళ్లలో చప్పట్ల హోరు తగ్గి, మిగిలినది ఏమిటో కనబడుతుంది. చెన్నైలోనే ఎదిగి, పదిసార్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచి, 2025 మార్చిలో చెన్నైలోనే చివరి టోర్నీ ఆడి బ్యాటు పక్కన పెట్టిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారుడు ఆచంట శరత్ కమల్‌ను కూడా ఈ నియమం ప్రకారం 2030 వరకు ఆపవలసి వస్తుంది. అంతటివారికి కూడా నియమాన్ని సడలించకపోతేనే అది నియమం అవుతుంది. అయితే చదరంగం, క్యారమ్ వంటి ఆటలలో విరమణ అన్నదే స్పష్టంగా ఉండదు. విశ్వనాథన్ ఆనంద్ 1988లో భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు కూడా ఆడుతూనే ఉన్నారు. ఇటువంటి ఆటలకు విరమణకు బదులుగా నలభై ఏళ్ల వయసును గీటురాయిగా పెట్టుకోవడం మేలు. గాయం వల్లనో అనారోగ్యం వల్లనో అర్ధాంతరంగా ఆగిపోయిన ఆటకు, కనీసం ఇన్నేళ్లు ఆడి ఉండాలన్న షరతు ఏదైనా పెట్టుకుంటే, అది వర్తించరాదు. చెన్నై టేబుల్ టెన్నిస్ ఆటగాడు వి. చంద్రశేఖర్‌కు 1982లో అర్జున అవార్డు వచ్చింది. 1984లో మోకాలి శస్త్రచికిత్స వికటించి ఆయన ఆట ముగిసిపోయింది. ఏళ్లు మాత్రమే లెక్కించే నియమం అటువంటివారిని బయటే నిలబెడుతుంది.

ఫైలు ఎలా కట్టాలి

పని అంతా ఇక్కడే ఉన్నది. ప్రతి ప్రతిపాదనకు ఒక సంఖ్య ఇచ్చి, ఒక అట్ట ఫైలులో కాగితాల నకళ్లను, కంప్యూటరులో అదే సంఖ్యతో స్కాన్ ప్రతులను ఉంచాలి. అసలు కాగితాలను సంఘం దగ్గర అట్టిపెట్టుకోరాదు. ఇంటికి వెళ్లి, వారి కళ్ల ముందే స్కాన్ చేసి, తిరిగి వారి చేతికే ఇచ్చి రావాలి. 2015 డిసెంబరు వరదలలో సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కొట్టూరుపురం ప్రాంతాలలో ఇళ్లలోకి నీరు చేరినప్పుడు, పాత ధ్రువపత్రాలు, ఫోటోలు తడిసి ముద్దయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక స్కాన్ ప్రతిని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి కుటుంబానికి ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడా.

చిన్న ఫోటోలను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తగ్గకుండా స్కాన్ చేయాలి. జట్టు ఫోటోల వెనుక వైపు కూడా తప్పనిసరిగా స్కాన్ చేయాలి. అయనావరంలో ఒక ఇంట మాకు చూపిన కబడ్డీ జట్టు ఫోటోలో ముఖాలు సగం వెలిసిపోయాయి గాని, వెనుక పెన్సిలుతో రాసిన పన్నెండు పేర్లు, తేదీ, గెలిచిన పాయింట్లు చెక్కుచెదరలేదు. ఫోటోను చట్రం నుంచి తీయకుండా ముందువైపు మాత్రమే ఫోనుతో తీసుకుని వచ్చేసి ఉంటే ఆ పేర్లు మాకు దక్కేవి కావు. ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం పీకవద్దు, అద్దం మీదుగానే స్కాన్ చేయాలి. పాత కాగితాలకు ల్యామినేషన్ చేయించవద్దని ఇంటివారికి చెప్పాలి. ఒకసారి చేయించిన ల్యామినేషన్‌ను కాగితం చిరగకుండా విప్పడం దాదాపు అసాధ్యం. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసివేయడం మంచిది, ఎందుకంటే సముద్రపు గాలిలో ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది.

ఆ తరువాత పేరు. మనవారికి ఈ ఊరిలో పేరు ఒక పెద్ద చిక్కు. ఇంట ఇంటిపేరుతో వ్యవహరించే మనిషికి బడిలో తమిళనాడు పద్ధతి ప్రకారం తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు చేరుతుంది. ఉద్యోగంలో మళ్లీ ఇంటిపేరు వచ్చి కూర్చుంటుంది. తమిళ లిపిలో క, గ అక్షరాలకు, త, ద అక్షరాలకు తేడా ఉండదు కనుక, తమిళ ధ్రువపత్రం నుంచి తెలుగులోకి ఎత్తి రాసేటప్పుడు పేరు మారిపోయే ప్రమాదం ఉన్నది. స్త్రీల విషయంలో ఇది మరింత జటిలం: ధ్రువపత్రంలో తండ్రి పేరు మొదటి అక్షరం, ఆధార్ కార్డులో భర్త పేరు మొదటి అక్షరం ఉంటే, రెండూ ఒకే మనిషివని నిరూపించడానికి బడి బదిలీ పత్రమో, నాటి సహ క్రీడాకారిణుల వాంగ్మూలమో కావాలి. అక్షరం కలవలేదని ఒక ఆడమనిషి ఆటను కొట్టివేసిన సంఘాన్ని నేను చూశాను. అది సంఘం సోమరితనమే తప్ప ఆమె లోపం కాదు.

ఈ చిక్కు గొప్ప ఇళ్లలో కూడా ఉన్నదని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించి, ఈ నగరంలో భారతీయుల క్రికెట్‌కు పునాది వేసిన తెలుగువాడు మోతవరపు బుచ్చిబాబు నాయుడు. ఆయన కుమారుడు రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, 1936లో నలభై ఏళ్ల వయసులో ఇంగ్లండులో టెస్ట్ క్రికెట్ ఆడారు. కాని ఆయన పేరు రికార్డులలో మోతవరపు రామస్వామి అని ఉండదు, కోటా రామస్వామి అని ఉంటుంది, ఎందుకంటే ఆయనను తల్లిగారి తండ్రి దత్తత తీసుకున్నారు. ఇంటిపేరును బట్టి వెదికేవారికి తండ్రీకొడుకుల బంధం తెలియనే తెలియదు. అంతేకాదు, ఆయన 1985లో ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఆయన మరణాన్ని క్రికెట్ పుస్తకాలు ఊహగానే నమోదు చేశాయి. మన ఫైలులో కూడా తెలియని తేదీని తెలియనిదిగానే రాయాలి. ఖాళీ వదిలితే రేపు ఎవరైనా నింపగలరు. ఉజ్జాయింపుగా రాసిన తేదీని తరువాత ఎవరూ ప్రశ్నించరు.

ప్రతి ముఖ్యమైన విషయానికి రెండు ఆధారాలు ఉండాలి, అందులో ఒకటి ఆ కుటుంబానికి సంబంధం లేనిదై ఉండాలి. జిల్లా, రాష్ట్ర క్రీడాసంఘాల ఉత్తరాలు, బడి వార్షిక సంచికలు, పాత పత్రికలు ఇందుకు పనికి వస్తాయి. 1896లో ఆరంభమైన ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో పాత పత్రికల కోసం వెదకవచ్చు. ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914లో మద్రాసులోనే మొదలైంది, ఆంధ్రప్రభ 1938లో ఇక్కడే మొదలైంది. ఆ నాటి తెలుగు జట్ల వార్తల కోసం వీటిని తిరగవేయడం వృథా పోదు. పెద్దవారి జ్ఞాపకాలను ఫోనులో రికార్డు చేసుకోవాలి గాని, వాటిని ఏకైక ఆధారంగా తీసుకోరాదు. జ్ఞాపకంలో సెమీఫైనల్ ఫైనల్‌గా మారడం సహజం, అందులో మోసం ఏమీ లేదు.

కోచ్‌కు పతకం ఉండదు

కోచ్‌ల ఎంపిక దగ్గర చాలా సంఘాలు తడబడతాయి, ఎందుకంటే వారి చేతిలో చూపడానికి ఏమీ ఉండదు. ఆటగాళ్ల కోసం అర్జున అవార్డును 1961లో నెలకొల్పిన మన దేశమే, కోచ్‌ల కోసం ద్రోణాచార్య అవార్డును 1985లో గాని మొదలుపెట్టలేదు. ఆ ఆలస్యం మన మందిరంలో ఉండకూడదు. ప్రతి సంవత్సరం ఎంపికలో కనీసం ఒక స్థానం కోచ్‌కు కేటాయించాలి. ఆ స్థానానికి తగినవారు దొరకకపోతే దానిని ఖాళీగా వదలాలి తప్ప ఆటగాడితో నింపరాదు.

కోచ్ ఫైలుకు ముఖ్యమైన ఆధారం శిష్యుల రాతపూర్వక వాంగ్మూలాలు. కనీసం ఐదుగురు రాయాలి, ఆ ఐదుగురూ వేర్వేరు సంవత్సరాల జట్లవారై ఉండాలి, అందులో ఒకరైనా పెద్ద పోటీలకు వెళ్లనివారై ఉండాలి. ఈ చివరి షరతును నేను పట్టుబట్టి పెట్టించాను. గెలిచిన శిష్యుడు గురువును పొగడడం సులభం. గెలవని శిష్యుడు ఇరవై ఏళ్ల తరువాత కూడా "మాస్టారు నా కోసం గ్రౌండు గేటు దగ్గర నిలబడి ఉండేవారు" అని రాస్తే, అందులో ఆ మనిషి మొత్తం కనబడతాడు. వ్యాసర్పాడిలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన ఒక మాస్టారి ఇంట మాకు దొరికినవి ఒక ఈల, గీతల నోటు పుస్తకాలు పదకొండు. వాటిలో ప్రతి ఉదయం వచ్చిన పిల్లల పేర్లు, రాని పిల్లల పేర్ల ఎదుట కారణాలు ఉన్నాయి: జ్వరం, బూట్లు లేవు, అమ్మతో పనికి వెళ్లాడు. ఏ సంఘం ముద్రా లేని ఆ పుస్తకాలకు మించిన ఆధారం నేను ఇంతవరకు చూడలేదు.

శిష్యుడి కీర్తి ఎవరి ఖాతాలో వేయాలన్న వివాదం కూడా వస్తుంది. పిల్లవాడికి తొలి అడుగులు నేర్పినది ఒకరు, పోటీలకు తయారు చేసినది మరొకరు, చివరి మెరుగు దిద్దినది ఇంకొకరు. శరత్ కమల్‌కు ఆట నేర్పినవారు తండ్రి శ్రీనివాసరావు, పెదనాన్న చిన్నాన్నల వరసలోని మురళీధరరావు. ఆనంద్‌కు చదరంగం నేర్పినది తల్లి సుశీల. ఆ తరువాత ఆయన చేయి తిరిగినది ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలోని తాల్ చెస్ క్లబ్బులో. కనుక ఫైలులో "ఫలానావారి కోచ్" అని ఊరికే రాయక, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ దశలో నేర్పారో రాయాలి. అప్పుడు ముగ్గురికీ చోటు ఉంటుంది, ఒకరి పేరు ఇంకొకరి పేరును తుడిచివేయదు.

కోచ్‌ల విషయంలో నడవడిని విచారించడం తప్పనిసరి. వారు పిల్లల మధ్య పనిచేసినవారు. పిల్లలను వేధించారన్న ఫిర్యాదు ఏదైనా ఉన్నదా అని వారు పనిచేసిన చోట రాతపూర్వకంగా అడగాలి. ఆటగాళ్లయితే ఉత్ప్రేరకాల కేసులో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) శిక్ష పడినదా అని చూడాలి. తరువాత ఎప్పుడైనా నేరం రుజువైతే పేరు తొలగించే అధికారం, దానికి పాటించవలసిన పద్ధతి నియమావళిలో మొదటి రోజునే ఉండాలి, లేకపోతే ఆ రోజు వచ్చినప్పుడు సంఘం నోరు పెగలదు.

ఆడకుండా, నేర్పకుండా ఆటకు ఊపిరి పోసినవారు కూడా ఉంటారు: గ్రౌండు చదును చేసినవారు, రిఫరీలు, బూట్లు కొనిపెట్టిన కొట్టు యజమానులు. వారికి సేవా విభాగం ఒకటి ఉండాలి. చెన్నైకి చెందిన విజయ్ అమృత్‌రాజ్ గొప్ప ఆటగాడే అయినా, 2024లో న్యూపోర్ట్‌లోని అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను సేవలందించినవారి విభాగంలోనే చేర్చుకున్నది. ఆ విభాగం ఆటగాళ్ల విభాగానికి రెండో మెట్టు కాదు.

ఎంపిక, డబ్బు

ఎంపిక సంఘంలో తొమ్మిదిమంది చాలు. పాత క్రీడాకారులు, వ్యాయామ ఉపాధ్యాయులు, ఒక క్రీడా విలేకరి ఉండాలి, ముగ్గురికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి, సంఘం కార్యవర్గం నుంచి ఇద్దరికి మించరాదు. కూపర్స్‌టౌన్‌లో పత్రికా రచయితల ఓట్లలో నూటికి 75 వస్తే గాని ఎన్నిక కారు. తొమ్మిదిమందిలో ఆ లెక్క ఏడు ఓట్లవుతుంది. ఓటు రహస్యంగా జరగాలి. బంధువు, శిష్యుడు, గురువు ఫైలు వచ్చినప్పుడు ఆ సభ్యుడు గది బయటకు వెళ్లాలి. ఏటా ఐదుగురిని మించి తీసుకోవద్దు. దివంగతులకు రెండు స్థానాలకు మించి ఇవ్వకుండా ఉంటే, ఎనభై ఏళ్లు దాటి ఎదురుచూస్తున్నవారు తమ ఫలకాన్ని తామే చూసుకోగలుగుతారు.

తమిళనాడు సంఘాల నమోదు చట్టం, 1975 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. ఇప్పటికే నమోదైన తెలుగు సంఘం ఉంటే దాని కింద ఒక ఉపసంఘంగా, విడి బ్యాంకు ఖాతాతో నడపడం సులభం. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే, 80జీగా పిలుచుకునే అనుమతి ఉన్నా రూ.2,000 దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు కనుక చెక్కు గానీ ఆన్‌లైన్ చెల్లింపు గానీ అడగాలి. దాత పేరు ఆహ్వానపత్రం మీద ఉండవచ్చు. ఎంపిక గదిలో మాత్రం ఉండకూడదు.

ఫలకం, సభ

ఫలకం మీద నలభై మాటలకు మించి వద్దు. పేరు, ఆట, ఏ సంవత్సరాల మధ్య, ఎవరి తరఫున, ఏమి సాధించారు అన్నవి చాలు. "అసమాన ప్రతిభాశాలి" వంటి విశేషణాల బదులు ఒక స్కోరు గానీ ఒక సమయం గానీ చెక్కితే ఎక్కువ గౌరవం. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటిలోనూ ప్రూఫు తీసి, గౌరవం పొందేవారితో గానీ వారి కుటుంబంతో గానీ మూడింటి మీదా సంతకం చేయించుకున్న తరువాతనే చెక్కడానికి పంపాలి. ఇత్తడి ఈ ఊరి ఉప్పు గాలికి త్వరగా నల్లబడుతుంది. మెరుగు పెట్టే మనిషి లేనిచోట స్టెయిన్‌లెస్ స్టీలు మీద గానీ నల్లరాయి మీద గానీ చెక్కించడం నయం.

సభకు ఆగస్టు 29 తగిన రోజు. అది ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కనుక ఆ నెలలలో సభ పెట్టుకోవద్దు. జనవరిలో ప్రతిపాదనలు కోరి, మార్చి చివరికి ముగించి, జూన్‌లోగా ఫైళ్లు సరిచూసి, జూలై మొదటి వారంలో ఓటింగు జరిపితే ఫలకాలకు వ్యవధి ఉంటుంది. మెట్లు ఎక్కనవసరం లేని హాలును చూసుకోవాలి. వేదిక ఎక్కలేని పెద్దల దగ్గరకు ఫలకమే దిగి రావాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన కోసం ఆగకుండా సభ ప్రారంభించాలి. కోచ్‌ను మొదట పిలవాలి, ఆటగాళ్లను ఆ తరువాత పిలవాలి. పరిచయ వాక్యాలు చదివేవారు అంతకు ముందు రోజు పేర్లన్నీ కుటుంబసభ్యుల ఎదుట పలికి సరిచూసుకోవాలి.

సభ ముగిసిన వారంలోగా రెండు ఉత్తరాల పని మిగిలి ఉంటుంది. ఎంపికైనవారికి వారి ఫైలు పూర్తి నకలు పంపి, తప్పులుంటే తెలియజేయమని అడగాలి. వచ్చిన సవరణలను తేదీతో ఒక రిజిస్టరులో రాయాలి. ఎంపిక కానివారికి, వారి ఫైలు ఐదేళ్లపాటు పరిశీలనలో ఉంటుందని, ఏ ఆధారం తక్కువైందో పేర్కొంటూ, అధ్యక్షుని సంతకంతో ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం అందుకున్న ఒక మాజీ రన్నరు కూతురు నిరుడు, తండ్రి పరుగు పందెం ఫలితం ఉన్న పాత పత్రిక ముక్కను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మా గదికి వచ్చింది. దానిని స్కాన్ చేసి, ఆమెకు తిరిగి ఇచ్చి, ఫైలు మీద కొత్త తేదీ వేశాము.